కోటమ్మ చెంపదెబ్బ

పాటిదిబ్బ కింద పాడుబావి తెలుసుగా? పట్టపగలైనా మన ఊరివాళ్లు చేలకి అడ్డంపడి చుట్టుతిరిగి పోతారు గానీ దాని పక్కనుంచి పోరు. ఎందుకంటే అందులో కోటమ్మ దెయ్యం ఉంటుందిట, అటుగా పోయినవాడి చెంప ఛెళ్లుమనిపిస్తుందిట. సరే, గొణక్కుండా వినండి.

కంసాలి భద్రాచారి ఓనాడు పొద్దున్నే లేచి నీళ్లు పుక్కిలించబోతే ఎడంపక్క నుంచి కారిపోయి చొక్కా తడిసింది. అద్దంలో చూసుకుంటే మూతి కుడివైపుకి లాక్కుపోయింది, ఎడం కన్ను ఎంత మూసినా మూతపడదు. సరేలే అని కుంపటి ముందు కూర్చుని, బంగారం అతకడానికి ఊదుగొట్టం నోట పెడితే గాలంతా మూతి సందులోంచి తుస్సుమంది. కంసాలికి కన్నూ, ఊపిరీ పోతే ఇంకేం మిగిలిందర్రా? పాపం, హడలిపోయాడు.

ఇక జనం! నిన్న తొందర్లో బావి పక్కనుంచే వచ్చాడుగా, కోటమ్మే కొట్టిందని తేల్చేశారు. ఒకావిడ వేపమండలతో బాదింది, ఒకాయన ఆ మూతపడని కంట్లో ఏదో పసరు పిండాడు, కన్ను చింతనిప్పయింది. అప్పుడు భూతవైద్యుడు పోతులయ్య వచ్చి, రెండో చెంప మీదా కొడితే మూతి సమం అవుతుందని చెప్పుతో ఒకటి పీకాడు. సమం, నా మొహం! అది వాచింది, ఇది వేలాడింది. అప్పటికీ ఊరుకోక, రేపు పొద్దున ఆ బావిలోనే మునకలు వేయించాలన్నాడు.

భద్రాచారికి ఒళ్లు మండిపోయింది. సాయంత్రం తిన్నగా బావి గట్టెక్కి, పెదవులు కలవక మాట సగం గాలికి పోతున్నా సరే, ఏమే కోటమ్మా, నీకేం అపకారం చేశానని నా పొట్ట కొట్టావని దులిపేశాడు.

కిందనుంచి విసుగ్గా ఓ గొంతు వచ్చింది. నేనెవర్నీ కొట్టలేదు నాయనా, నాకూ ఇలాగే తెల్లారేసరికి మూతి వంకరపోయింది, దెయ్యం కొట్టిందన్నారు, వదిలిస్తామని ఇందులో ముంచారు, ఆఖరి మునకకి నేను పైకి రాలేదు, అంది. అంటే అప్పటిదాకా బావిలో దెయ్యమే లేదన్నమాట! మనవాళ్లే దాన్ని చేసిపెట్టారు. ఆపైన, ఇక్కడ ఇంకొకరికి చోటు లేదు, పట్నం ఆసుపత్రికి పో అని కసిరింది.

మర్నాడు పోతులయ్య రాకముందే భద్రాచారి బస్సెక్కేశాడు. డాక్టరు చూసి, మొహంలో నరం వాచింది, ఇలాంటిది మొదటిరోజే రావద్దా అని కేకలేసి, మందులిచ్చి, కంట్లో చుక్కలు వేసుకోమని, పడుకునేటప్పుడు కంటికి కట్టు కట్టుకోమని చెప్పాడు. మూతి నెమ్మదిగా దారికొచ్చింది, కన్ను దక్కింది, మళ్లీ ఊదుగొట్టం పట్టాడు. నవ్వితే మాత్రం కాస్త కుడిపక్కకే నవ్వేవాడు. ఇంతాచేసి ఆ పోతులయ్య, తగ్గింది నా చెప్పుదెబ్బకే అని ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఏం చేస్తాం!

అందుకే చెబుతున్నా, మూతి వంకరపోతే బస్సు వైపు పరిగెత్తండి, ఆ బావి వైపు మాత్రం పోకండి. కోటమ్మ ఏమీ చెయ్యదు. గట్టు మీద ముంచేవాళ్లుంటారు.