బోర్డు మీద మన ఊరు

పలాస బస్టాండులో నా పక్క బెంచీ మీద ఒక తల్లీ కూతురూ కూర్చున్నారు. కూతురు విశాఖలో యూనివర్సిటీ నుంచి అప్పుడే వచ్చింది. వాళ్ల ఊరి బస్సు ఇంకా రాలేదు.

"ఇంక తిరిగి ఎల్లకు. మీ నాన్నకి కిడ్నీలు పోనాయి. జీడితోట నానొక్కదాన్నే సూడలేను. సదివిన కాడికి సాలు."

"ఆ జబ్బు సంగతే మా క్లాసులో అడిగీసానమ్మా. మా ఉద్దానం ఊళ్లలో ఇందరికి ఎందుకొస్తంది సార్ అని."

"అందరి ముందరా? నవ్వనేదా ఎవులూ?"

"నేదు. మా సారు కాయితం సూడకుండా గంట సెప్తారు. నీళ్లు, మన్ను, రాయి, ఏది అడిగినా తెలుసు. దీనికి మాత్రం సుద్దముక్క కింద పెట్టీసి, నాకు తెలీదమ్మా అన్నారు."

"తెల్దా? మరేటి సెప్తారే అక్కడ?"

"అదే సెప్పారమ్మా. ఎవులికీ తెలీదు, తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలెట్టాలో సూద్దాం అని బోర్డు మీద మన ఊరి పేరు రాసారు. ఆ గంటంతా మన ఊరే పాటం. తెలీనిదాన్ని కూడా పాటం సెప్తారని నానెప్పుడూ అనుకోనేదు."

తల్లి కూతురి సంచీ తన ఒళ్లోకి తీసుకుంది.

"మన నూతి నీళ్లు తెమ్మన్నారమ్మా సారు, పరీచ్చకి."

"మనవే సాలవు. దాలమ్మత్త నూతివి కూడా పట్టుకెల్లు. ఆలింట్లో ఇద్దరు మంచాన పడ్డారు."

"మరి తోటో?"

"మీ మావకి సెప్తాను. సీసాలు నాను కడిగి ఇస్తాను గాని, బస్సులో దాహమేసి తాగీకు."