సాఫ్ట్‌నర్‌లో ఉప్పు

"మావయ్యగారూ, సాఫ్ట్‌నర్ డబ్బాలో పోసిన ఉప్పంతా ఎవరో ఎత్తుకుపోయారండీ."

భీమవరంలో ఆ ఇంటి కోడలు నీళ్ళ కాఠిన్యం తగ్గించాలని పట్టుబట్టి పెట్టించిన మెషీన్ అది. బోరు నీళ్ళు మెత్తబడకపోతే ఈ సాయంత్రమే దాన్ని వెనక్కి పంపిస్తానని రొయ్యల రైతైన మామగారు నిన్ననే తేల్చేశారు.

"దొంగలు ఉప్పు ఎత్తుకుపోతారేంటమ్మా? అది పనిచెయ్యదని ఒప్పేసుకో."

"ఉప్పు లేకే పనిచెయ్యలేదండి. పొద్దున్న మళ్ళీ పోసి, మెషీన్ ఆన్ చేశాను. చెరువు నీళ్ళ కాఠిన్యం చూసుకునే మీ కిట్‌తోనే ఇప్పుడు చూడండి."

"ఇలా ఇయ్యి. మన బోరు నీళ్ళకి ఎన్ని చుక్కలు వేసినా ఎర్రగానే ఉంటాయి... ఇదేంటి, మొదటి చుక్కకే నీలం తిరిగిపోయింది?"

"మెత్తబడ్డాయండి. మెషీన్ ఉంటుందిగా మరి?"

"నా కిట్ అబద్ధం చెప్పదు. ఉండనీ."

"ఇక దొంగ సంగతి. మీ బండి సీటు మీద కల్లుప్పు రాలి ఉందేంటండి?"

"నువ్వు పోలీసుల్లో చేరాల్సిందమ్మా."

"చెప్పండి మావయ్యగారూ."

"నేనే తోడుకెళ్ళాను. రొయ్యలకైనా పనికొస్తుందని చెరువులో చల్లేశాను. ఉప్పునీళ్ళు బాగుచేసే మెషీన్‌కి ఉప్పే మేపాలంటే ఎలా నమ్మనమ్మా?"