ఓదెలు గొంగడి కప్పిన పెట్టె

ఓదెలని ఒక గొర్లకాపరి. మనిషి ఎసుంటోడంటె, తన గొర్రె ఒక్కటి పక్కమందల కలిసినా నిద్ర పట్టదు, పక్కోని గొర్రె తన మందల కలిసినా నిద్ర పట్టదు. తప్పిపోయిన గొర్రె దొరికితె మేత పెట్టి, నీళ్లు పెట్టి, దాని మనిషి వచ్చేదాక పానం లెక్క చూసుకోవాలె. వచ్చినోడు గుర్తు చెప్తెనే ఇయ్యాలె. ఆళ్ల తాతల నాటికెల్లి అదే కట్టుబాటు అనుకో. చెవికోత చెప్తె సరిపోదు, అది దారిన పోయెటోనికైనా కనబడ్తది. లోపటి గుర్తు చెప్పాలె. తొడ లోపట మచ్చున్నదా, గిట్టకు పగులున్నదా, గట్ల. చెప్పకపోతె సర్పంచి వచ్చి నిలవడ్డా ఇయ్యడు. గిది జర మనసుల పెట్టుకోర్రి, కతంత దీనిమీదనే ఉన్నది.

ఏమైందంటె, ఎండకాలం మొదట్ల ఒకనాడు, పొద్దు ఇంక నెత్తిమీదికి రాలే, బండలకాడ గొర్లు మేస్తున్నయ్. ఓదెలు తల ఎత్తి చూస్తె ఆకాశంలకెల్లి గుడారమంత ఎర్రబట్ట, దాని కింద ఒక పెట్టె, ఊగుకుంట ఊగుకుంట దిగుతున్నదంట. గొర్లు బెదిరి ఒక్కదిక్కు ఉరికినయ్. పెట్టె వచ్చి తుమ్మచెట్ల నడుమ పడ్డది. మనమైతె ఏం చేస్తుంటిమి, బాంబనుకొని ఊర్లెకు ఉరుకుదుము. ఏందే రాజవ్వా, నవ్వుతున్నవ్? నువ్వు అందరికన్న ముందు ఉరుకుదువు. ఓదెలు ఉరకలే. భయం కాలేదని కాదు, అయ్యింది. కాని గా భయం కన్న, అదేందో చూడాలన్న ఆశ పెద్దగ ఉండె. కట్టె ముందట పట్టుకొని ఒక్కో అడుగేసుకుంట పోయిండు. గొర్రెపిల్లలను మోసే గంపంత పెట్టె. తెల్లటి రేకు, మూడు కాళ్లు. మీద ఏందో రాసున్నది, ఆయనకు చదువు రాదాయె. ఒక పక్క మూత సగం తెరుచుకొనే ఉన్నది, లోపట అద్దాలసుంటి చిన్న చిన్న పలకలు. చెయ్యి పెట్టిండు. పెట్టి గుంజుకున్నడు. మంచుగడ్డ లెక్క సల్లగున్నదంట. గంత ఎండల రేకుమీద తెల్లగ పొగమంచు పట్టింది. లోపట టిక్కు టిక్కుమని సప్పుడు.

సప్పుడున్నదంటె పానమున్నట్టే కదా అనుకున్నడు. వానల పుట్టిన గొర్రెపిల్ల వణుకుతుంటె ఏం చేస్తరు, గొంగట్ల చుడ్తరు. ఆయనకు తెలిసిన వైద్యం గదే. భుజం మీది గొంగడి తీసి పెట్టెకు చుట్టూ కప్పిండు, సందుల్లకెల్లి గాలి పోకుంట తెరుచుకున్న మూతల గూడ మంచిగ కుక్కిండు. అంతల పెండ్లాం లచ్చవ్వ సద్ది పట్టుకొని వచ్చింది. ఏందయ్యా, గీ ఎండల దానికి గొంగడి కప్పినవ్ అన్నది. దానికి సలి పట్టిందే అన్నడు. దానికేమో సలి పట్టింది, నీకేమో పిచ్చి పట్టింది అని రొట్టె ముందట పెట్టింది. ఓదెలు తింటలేడు. పెట్టెను చూసుడు, ఆకాశాన్ని చూసుడు. గంత పైన గిది ఏం మేసొచ్చిందో అన్నడంట.

రెండు జాముల ఏల జీపొచ్చింది. అండ్ల నస్రీన్ అని ఒక పిల్ల, పట్నంల పెద్ద పెద్ద గాలిబుడగలకు పెట్టెలు కట్టి మబ్బుల మీదికి పంపే పని ఆమెది. దిగుడుతోనే ఉరికొచ్చింది. ఓదెలు కట్టె అడ్డం పెట్టిండు. ఎవ్వలు బిడ్డా నువ్వు? నాదే తాతా అది. నీదైతె గుర్తు చెప్పు. ఆమె మెడల కార్డు తీసి చూపించింది, అండ్ల ఆమె ఫోటో ఉన్నది. ఓదెలు చూసిండు. గిది నీ గుర్తు బిడ్డా, నాకు దాని గుర్తు కావాలె అన్నడు. నస్రీన్ కార్డు ఇడిసిపెట్టి చెప్పింది: వెనక కాలుకు లోపటిదిక్కు సొట్టుంటది తాతా, బోల్టు బిగించంగ సుత్తి జారి నేనే కొట్టిన, ఆనాడు ఏడ్సిన గూడ. ఓదెలు గొంగడి కిందికెల్లి చెయ్యి పెట్టి తడిమిండు. సొట్టున్నది. కట్టె తీసిండు.

ఆమె గొంగడి లేపింది. లేపంగనే ఆమె మొకం మాడిపోయింది. పలకల నిండ గొర్రె ఉన్ని, పెంట దుమ్ము. తాతా, గిది ఎందుకు కప్పినవ్? సలి పట్టింది బిడ్డా. నస్రీన్ మట్టిల కూసుంది. నాలుగేండ్లాయె తాతా అన్నది. రెండుమాట్ల పెట్టె ఉత్తగనే వచ్చింది. ఈమాటు గూడ ఏం దొరకకపోతె ఇగ చాలించమన్నరు మా పైనోళ్లు. తోకచుక్కలకెల్లి రాలే దుమ్ము పైన మబ్బుల మీద తేలుతుంటది, గా పలకలకు జిడ్డు రాసి పట్టుకుంటం. కిందికి దిగెటప్పుడు మూత దానంతట అదే మూసుకోవాలె, మూసుకోలే. మూసుకోని దాంట్ల నీ గొంగడి. గా మాట ఇని ఓదెలుకు ఒకల జీవాన్ని తన చేతులతోని సంపినట్టే అయ్యింది అనుకో. సిగ్గుతోని తల ఎత్తలే.

అట్లనే మెల్లగ అడిగిండు. బిడ్డా, ఆడి దుమ్ము, ఈడి దుమ్ము ఎట్ల ఎర్కైతది మీకు? ఆమె ముక్కు తుడుచుకుంట చెప్పింది. సూర్యునిలకెల్లి ఎప్పుడు ఒక గాలి వీస్తుంటదంట. చుక్కల నడుమ తిరిగిన దుమ్ముల గా గాలి చొచ్చుకొని ఉంటది, ఈడి మట్టికి అది తగలదు. మిషినిల పెడ్తె తెలుస్తది. ఓదెలు తల ఎత్తిండు. అంటె దానికి లోపటి గుర్తున్నదన్నట్టు. ఉన్నది తాతా. మరి ఏడ్సుడెందుకు? రెండు మందలు కలిస్తె మొత్తం మందను గుట్టమీద ఇడిసిపెట్టి ఇంటికి పోతమా? నా గొర్లన్ని నేను గుర్తుపట్టి ఒకదిక్కు దీస్త. మిగిలినయి నీయి.

అని లేచిండు. గొంగడి అంచు కోసిచ్చిండు. నల్లగొర్రె ఉన్ని ఇంత, ఎర్రదాని ఉన్ని ఇంత కత్తిరించిండు. తుమ్మచెట్ల కింది మట్టి, పెంట, అన్ని తెచ్చి ముందట పెట్టిండు. గివన్ని నా మంద బిడ్డా, గివి ఏరెయ్యి. నస్రీన్ ఆయన దిక్కు చూసింది, చూసింది, లేచి జీపుల చిన్న కవర్లు తెచ్చి ఒక్కోదాని మీద పేరు రాసుకుంట నింపింది. ఓదెలు మీసంలకెల్లి గూడ ఒక వెంట్రుక పీకిచ్చిండు, వంగి చూసిన కదా, పడ్డదేమో అని. మొత్తం మీసం తీస్కపో బిడ్డా, పనిలేనిదే అన్నదంట లచ్చవ్వ.

వానలు పోయినంక నస్రీన్ మల్ల వచ్చింది. ఏరంగ ఏరంగ పదకొండు నలుసులు దొరికినయ్ తాతా అన్నది. పని ఆగలే, మల్ల పెట్టె పంపుమన్నరు. కంటికి కనబడని నలుసును పెద్దగ చేసి తీసిన ఫోటో చూపించింది, పేలిన జొన్నగింజ లెక్కున్నది. దీనికి ఎన్నేండ్లు బిడ్డా? మన భూమికన్న పెద్దది తాతా. ఓదెలు ఫోటోను గొర్రెపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతుల పట్టుకున్నడంట. మరి నా ఉన్ని పారేసినవా? పారెయ్యలే, రేపు ఎవ్వలన్న గుర్తడిగితె చూపియ్యాలె కద. నలుసులు, నీ మంద, ఒక్క అల్మారల పక్కపక్కకే ఉన్నయ్. అయితె మల్ల కలవకుంట చూస్కో అన్నడు ఓదెలు.

గా దుమ్ము మన మీద గూడ రోజు రాలుతదని ఆమె చెప్పిపోయింది. గప్పటికెల్లి ఓదెలు గొంగడి ఉత్తగ దులపడు. ఎండకు పట్టి, ఎవ్వలదన్న తప్పిపోయింది వచ్చి పడ్డదా అని చూసి, గప్పుడు దులుపుతడు. లచ్చవ్వ తిడ్తనే ఉంటది. నేను గూడ మొన్న నా తువ్వాల పట్టి చూసిన, నాకేం కనబడలే. కనబడకుంటె లేదని ఎట్లంటవ్ అన్నడు ఓదెలు. సరే, ఇగ లేవుర్రి. లేచేటప్పుడు బట్టలు జర మెల్లగ దులుపుకోర్రి.