తెల్లగూడు ఎక్కడ దాక్కుంది

సభకు అధ్యక్షత వహిస్తున్న మన కాలేజీ కమిటీ అధ్యక్షులు మునినారాయణప్ప గారికి, ప్రిన్సిపాల్ అంబరీష్ గారికి, నాకు పాఠాలు చెప్పిన గురువులందరికీ, పొలం పనులు వదులుకొని బాగేపల్లి దాకా వచ్చి వెనక వరుసల్లో సర్దుకొని కూర్చున్న మా అమ్మానాన్నలకు, స్నేహితులకు, ఈ ఎండలో మీరంతా కప్పిన ఆరు శాలువాల కింద చెమటలు కక్కుతున్న, ఇవాళ రిటైరవుతున్న మా బయాలజీ సార్ రామచంద్రప్ప గారికి నమస్కారం.

నా పేరు వినుత. మాది పరగోడు. మా ఇంట్లో బడి మెట్లు ఎక్కిన మొదటి మనిషిని నేను. పోయిన ఏడాది ఇక్కడే పియుసి రెండేళ్ళూ ముగించి, మెడికల్ ఎంట్రన్స్ రాసి, సీటు రాక, సార్ ఒప్పుకోవడం వల్ల ఈ ఏడాది మళ్ళీ ఆయన రివిజన్ క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుంటున్నాను. విద్యార్థుల తరఫున మూడు నిమిషాలు మాట్లాడమని ప్రిన్సిపాల్ గారు నాకొక కాగితం రాసిచ్చారు. అందులో సార్‌ను జ్ఞానజ్యోతి అని రెండుసార్లు, శాంతమూర్తి అని మూడుసార్లు రాశారు. సార్ క్లాసులో ఒక్క రోజు కూర్చున్నవాళ్ళయినా ఆ రెండో మాట రాయరు కాబట్టి ఆ కాగితాన్ని మడిచి పెట్టేస్తున్నాను. (నవ్వులు) క్షమించండి సార్, మిమ్మల్ని కాదు, ప్రిన్సిపాల్ గారిని అడుగుతున్నాను.

నాకు ఈ సభలో కూర్చున్నప్పటి నుంచీ విసుగ్గా ఉంది. నాకంటే ముందు నలుగురు మాట్లాడారు. ముప్పై నాలుగేళ్ళ సేవ అన్నారు, ఎందరినో తీర్చిదిద్దారు అన్నారు, శేషజీవితం ప్రశాంతంగా గడపాలి అన్నారు. ఎంట్రన్స్‌కు ఇంకా ముప్పై మూడు రోజులే ఉన్నాయి. మేము ఇరవై ఇద్దరం ఉన్నాం. రివిజన్ వంశపారంపర్యం పాఠం మధ్యలో ఆగిపోయింది. రేపు పొద్దున ఏడింటికి ల్యాబు తలుపు ఎవరు తీస్తారో ఆ నలుగురిలో ఒక్కరూ చెప్పలేదు. ఖాళీ అయ్యే పోస్టు ఎప్పుడు భర్తీ అవుతుందో తెలియదట, అంతవరకు గోడమీది తెర మీద వీడియోలు వేస్తారట. ఆ తెర మేము అడిగింది వింటుందా అని మా క్లాసు లోకేశ్ ఆఫీసులో అడిగితే, ముందు కూర్చొని చూడప్పా అన్నారట.

సార్ రివిజన్ ఎలా ఉంటుందో బయటివాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతాను. మిగతాచోట్ల రివిజన్ అంటే చూసిందే మళ్ళీ వేగంగా చూడటం. మా సార్‌ది అలా కాదు. ఈ రోజు చదివిన పాఠాన్ని సాయంత్రం ఇంటికి పోయి, బడికి పోని మనిషి ఎవరైనా ఇంట్లో ఉంటే వాళ్ళకు తెలుగులో చెప్పాలి. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, పదో తరగతి దాకా మేము చదివింది కన్నడలో, ఇంట్లో మాట్లాడేది తెలుగు. మూడో భాషలోకి దిగనిది మీకు వచ్చినట్టు కాదు అంటారు. అంతటితో అయిపోదు. విన్న మనిషి ఒక ప్రశ్న అడగాలి, ఆ ప్రశ్నను మర్నాడు మేము క్లాసుకు తేవాలి. హాజరు పిలిచినప్పుడు ‘ప్రెజెంట్ సార్’ అంటే ఆయనకు సరిపోదు, ఇంటి ప్రశ్న చెప్పాలి. ప్రశ్న తేనివాడు ఆ రోజు రానట్టే లెక్క.

ఎంత విసుగో మీరు ఊహించుకోండి. కణం పాఠం నాడు లోకేశ్ వాళ్ళ అవ్వ కెంపమ్మకు కోడిగుడ్డులో పచ్చసొన మొత్తం ఒక్కటే కణం అని చెప్పాడు. ఆమె వంటింట్లోకి పోయి గుడ్డు తెచ్చి గిన్నెలో పగలగొట్టి, ‘కణమంటే కంటికే కనపడదంటివి కదరా, ఇదేమి కళ్ళు పొడిచేటంత ఉండాది’ అందట. మా క్లాసు రెండు రోజులు ఆ గుడ్డు దగ్గరే ఆగిపోయింది. అదే రెండు రోజుల్లో చింతామణిలో చదివే నా స్నేహితురాలు నాలుగు పాఠాలు తిరగేసింది. కెంపమ్మవ్వా, మీరు వచ్చారా? అదిగో, చెయ్యి ఎత్తుతున్నారు. మీ వల్ల మాకు మొక్కల శరీరధర్మం పాఠం ఆలస్యమయిందవ్వా. (నవ్వులు)

ఇప్పుడు చెప్పబోయేది ఆ కాగితంలో లేదు. చెప్పకుండా దిగిపోతే నేను ఈ ముప్పై మూడు రోజులూ చదవలేను.

పోయిన ఏడాది జనవరిలో ఈ కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఒక అర్జీ అందింది. బయాలజీ సార్ పోర్షన్ ముగించడం లేదు, ఎంట్రన్స్‌కు పనికొచ్చే పాయింట్లు ఇవ్వడం లేదు, ఇంటి ప్రశ్నలతో కాలం వృథా చేస్తున్నారు అని అందులో ఉంది. పద్దెనిమిది మంది సంతకాలు ఉన్నాయి. ఆ అర్జీ రాసింది నేను.



కమిటీవాళ్ళు సార్‌ను పిలిచి మాట్లాడారు. ఏం మాట్లాడారో నాకు తెలియదు. ఆ తర్వాత మూడు నెలలు సార్ ఇంటి ప్రశ్నలు అడగలేదు. మాకు కావలసినట్టే పాయింట్లు రాయించారు, మేము రాసుకున్నాం, అందరం సంతోషపడ్డాం. ఆ ఏడాది మా కాలేజీ నుంచి ఒక్కరికీ సీటు రాలేదు. దానికీ మళ్ళీ సార్ నిదానమే కారణమన్నారు. పాయింట్లు అడిగింది మేము, ఇచ్చింది ఆయన, మాట పడింది కూడా ఆయనే. నేను ఊరకున్నాను.

ఫలితాలు వచ్చాక రెండు నెలలు ఊరికి దూరంగా ఒక కోచింగ్‌లో చేరాను. అక్కడ రోజుకొక పాఠం చొప్పున రంగురంగుల పటాల్లో వేసి ఇచ్చారు. పటాలన్నీ నోటికి వచ్చాయి. ఒక వారపు పరీక్షలో, హైబ్రిడ్ పంట నుంచి రైతు విత్తనం ఎందుకు దాచుకోకూడదు అని అడిగారు. మూడుకు ఒకటి, తొమ్మిది మూడు మూడు ఒకటి, ఈ నిష్పత్తులు నిద్రలో అడిగినా చెబుతాను. ఆ ప్రశ్నకు మాత్రం తప్పు జవాబుకు గుర్తు పెట్టాను. నేను పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టిన దాన్ని. నా మీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు. పెట్టె సర్దుకొని వచ్చేశాను.

సార్ ముందు నిలబడి మళ్ళీ కూర్చోనిస్తారా అని అడిగినప్పుడు ఆయన ల్యాబులో గాజుపలకలు తుడుస్తున్నారు. తల ఎత్తకుండానే, ‘కూర్చోమ్మా. అర్జీలో స్కేలు పెట్టి మార్జిన్ ఎంత చక్కగా గీసినావు. రెండేండ్లు నీ రికార్డు పుస్తకం దిద్దినాను, ఒక్క పేజీలోనూ గీయలేదే’ అన్నారు. అంతకుమించి ఆ విషయం మా మధ్య ఈ రోజు వరకూ రాలేదు. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు కానీ, ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

మొన్న గురువారం వంశపారంపర్యం మొదలుపెట్టాం. పొడుగు బఠాణీ, పొట్టి బఠాణీ. సాయంత్రం మా అమ్మ మునివెంకటమ్మ మల్బరీ ఆకు తరుగుతుంటే పక్కన కూర్చొని చెప్పాను. పొడుగుదానికీ పొట్టిదానికీ కలిపితే మొదటి తరంలో అన్నీ పొడుగే, వాటిలో వాటిని కలిపితే మూడు పొడుగుకు ఒక పొట్టి అన్నాను. అమ్మ కత్తి ఆపింది. ‘అమ్మీ, ఇది మన పురుగులు చేసిన పనే కదా. ఆ పుస్తకం రాసినాయన మన ఇంటికి ఎప్పుడొచ్చె?’ అంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా అమ్మ ఒక తప్పు చేసింది. అమ్మా, చెబుతున్నాను, తల దించుకోవద్దు. మా వైపు పెంచేది పసుపుగూడు కట్టే తల్లిజాతినీ తెల్లగూడు కట్టే తండ్రిజాతినీ కలిపిన సంకరం. గూళ్ళన్నీ పసుపుగా, ఒకే తీరుగా వస్తాయి. ప్రతి పంటకూ గుడ్లు కొత్తగా తెచ్చుకోవాలి, మన గూళ్ళ నుంచి మనం గుడ్లు పట్టుకోకూడదు. అమ్మ మాత్రం ఆ ఏడు పంట చాలా బాగా వచ్చిందని, మంచి గూళ్ళు ఇరవై ఏరి పక్కన పెట్టింది. సీతాకోకలు వచ్చాయి, గుడ్లు పెట్టాయి. సగం గుడ్లు పగిలి పురుగులు వచ్చాయి, సగం పగలలేదు. వచ్చిన పురుగుల్లో కొన్ని కుబుసం విడవడానికి మేత మాని పడుకుంటే, కొన్ని ఇంకా ఆకు నములుతూనే ఉన్నాయి. చివరికి గూళ్ళు కలగాపులగంగా వచ్చాయి. వ్యాపారి చూసి వద్దన్నాడు. అమ్మ వసారాలో కూర్చొని వాటిని రంగు చూసి ఏరింది. మూడు చేటలు పసుపు, ఒక చేట తెలుపు. ఆ చేటలు లోపల పెట్టింది నేనే. ఆ నాలుగు చేటలు మోసిన చేతులతో కోచింగ్‌లో తప్పు జవాబుకు గుర్తు పెట్టాను.

అమ్మ అక్కడితో ఆగలేదు. ‘తెల్లది తాత దగ్గర్నించి వచ్చెనంటావు. మరి నడమ తరంలో ఒక్కటీ తెల్లది లేకపాయె. అంతవరకూ అది యాడ దాక్కోనుండె?’ అని అడిగింది.

మర్నాడు హాజరులో ఈ ప్రశ్న చెప్పాను. సార్ క్లాసులో కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు ముందు బెంచీ మీద కూర్చున్నారు. తర్వాత, ‘ఈ పాఠమంతా ఈ ఒక్క ప్రశ్నేనమ్మా, మీ అమ్మకు చెప్పు’ అన్నారు. జవాబు మాత్రం చెప్పలేదు. సోమవారం చూద్దాం అన్నారు. సోమవారమంతా వీడ్కోలుకు పందిరి వేయించడంలో గడిచింది. ఇవాళ మంగళవారం. శాలువాలు వచ్చాయి, జవాబు రాలేదు.

నిన్న నేను సార్ దగ్గరికి పోయి, రిటైరైనా ఈ ముప్పై మూడు రోజులు చెప్పండి సార్ అని అడిగాను. కాలేజీలో చెప్పడానికి రూలు ఒప్పుకోదన్నారు. ఇంకెక్కడైనా అంటే, ‘నా నిదానం వల్ల పోయిన ఏడు పిల్లలు చెడిపోయిరి. ఈ ఏడు మీరు చెడిపోవద్దండమ్మా. వీడియోలు చూసుకోండి’ అన్నారు. శాంతమూర్తి అనే మాట రాసినవాళ్ళకు ఇది తెలుసో లేదో. ఆయన నోట ఆ మాట రావడానికి కారణం నేను రాసిన కాగితం. మంచి మార్జిన్ గీసి రాసిన కాగితం.

అందుకే ఇంతమంది ముందు చెబుతున్నాను సార్. మేము చెడిపోయింది మీ నిదానం వల్ల కాదు. మీరు నిదానం మానుకున్న మూడు నెలల వల్ల. మానుకునేటట్టు చేసింది నేను. కమిటీవారు కూడా ఈ మాట విన్నారు కాబట్టి పోయిన ఏడాది లెక్క సరిచూసుకోవాలని కోరుతున్నాను.

ఇంకొక్క విషయం, దిగిపోతాను. ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు.

ఇవాళ పొద్దున ఈ మాటంతా అమ్మకు చెప్పాను. మా పురుగులు నిన్ననే గూడు కట్టడానికి చంద్రికల మీదికి, అంటే వెదురు తట్టల మీదికి ఎక్కాయి. చంద్రికల నుంచి గూళ్ళు విప్పి తీశాక పురుగుల షెడ్డు కడిగి, మందు కొట్టి, మళ్ళీ గుడ్లు తేవాలి. అమ్మ ఈసారి తేనంది. పరీక్ష అయ్యేదాకా షెడ్డు మీ క్లాసుకే అంది. తెలిసినవాళ్ళు అర్థం చేసుకుంటారు, అది ఒక పంట వదులుకోవడం. మా షెడ్డులోకి బంధువుల్ని కూడా రానివ్వని మనిషి ఆమె, పురుగుకు జబ్బు తగులుతుందని. గూళ్ళు విప్పేదాకా నాలుగు రోజులు వసారాలో కూర్చోండి, ఆ తర్వాత లోపలికి రండి అంది. ఒక్కటే షరతు పెట్టింది, ‘ఎవరొచ్చినా గడప దగ్గర సున్నంలో కాళ్ళు పెట్టే రావల్ల. సారయినా సరే.’

సార్, రేపు పొద్దున ఏడింటికి ఇరవై ఇద్దరం పరగోడులో ఉంటాం. మీరు రాకపోతే మేమే ఒకరికొకరం చెప్పుకుంటాం, మా అమ్మ అడుగుతూనే ఉంటుంది, మేము తప్పు చెబుతూనే ఉంటాం. తెల్లగూడు ఎక్కడ దాక్కుందో మీరు చెబుతానన్నారు. చెప్పకుండా రిటైరైతే ఎట్లా సార్?

సార్ తల అడ్డంగా ఊపుతున్నారు. నిలువుగానా? శాలువాలు అడ్డం, కనపడటం లేదు. ఏదో అంటున్నారు, మైకు ఇవ్వండి ఎవరైనా. లోకేశ్, సార్‌కు మైకు ఇవ్వు.

(సార్ మైకు అందుకొని: ‘వినుతా, చెప్పులు యాడ విడవల్లమ్మా? సున్నానికి ముందా, తర్వాతా?’)

ముందు సార్. వేపచెట్టు పక్కన బండ ఉంది, దాని మీద.

నా మాటల్లో పొరపాటు ఉంటే పెద్దలు మన్నించాలి, ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇరవై ఇద్దరూ వినండి, ప్రశ్న లేకుండా వచ్చినవాళ్ళను మా అమ్మ గడప దాటనివ్వదు. ఇంటికి పోయి ఈ రాత్రి ఎవరికైనా పాఠం చెప్పండి. నాకు సెలవు ఇప్పించండి.