ఎలీసమ్మ గారి కారు బుష్‌లు

రబ్బరు వద్దండి అమ్మా! వచ్చిన కాణ్ణించీ అదే చెప్తున్నాను కదండీ. మళ్లీ ఆ రబ్బరు బుష్‌ల డబ్బానే తీసి బల్ల మీద పెడతారేంటండి? నేనడిగింది పాలీ బుష్‌లు. ఎర్రగా, గట్టిగా ఉంటాయే, అవి. ఫిలిప్ మాస్టారి కారుకండి. ముందు చక్రాల్ని పట్టుకునే ఆర్ముల కీళ్లలోకి, రెండు పక్కలా.

కుర్చీ వద్దండి, నుంచుంటాను. కూచుంటే మళ్లీ లేవడం... అదే, పనుంది లెండి.

ఆయ్, తెలుసండి. మీ కొట్టు గడప తొక్కి మూణ్ణెల్లయింది. ఏ మొహం పెట్టుకుని వచ్చేడా అనే కదండీ ఆ చూపు? ఏదో ఒకటి అనెయ్యండి మరి. మీ ఆయన శ్రీరామచంద్రమూర్తి గారే ఉంటే ఈపాటికి నన్ను చెడామడా తిట్టేసి, ఆనక టీ కూడా తెప్పించేవారు. మీరేమో ఒక్క తిట్టూ తిట్టరు. తిట్టని మనిషి ముందు నిలబడ్డం మహా కష్టమండి బాబూ!

గ్రూపులో ఆ వాయిస్ మెసేజీ పెట్టింది నేనే. కాదని ఎప్పుడన్నానండి? "విజయదుర్గ గారి కొట్లో డూప్లికేట్ మాలు అమ్ముతున్నారు, కొనేవాళ్లు చూసుకోండి" అన్నాను. కోపంలో అన్నానండి. మీ దగ్గర కొన్న బుష్‌లు రెణ్ణెల్లు తిరక్కుండా చిరిగిపోయేయి. మాస్టారు కారు తెచ్చి షెడ్డు ముందాపి, "గణపతీ, మళ్లీ టకటకమంటోందయ్యా" అన్నారు. చుట్టూ నలుగురున్నారు. ఏం చెప్పమంటారు నన్ను? మాలు మంచిది కాదండి అనేశాను. నోటికదే వచ్చింది.

రాజోలు నుంచి కొత్తపేట దాకా నూట ఎనభై మంది మెకానిక్కులున్న గ్రూపండి అది. మాట అంత దూరం పోద్దని నేననుకోలేదు... లేదండి, అబద్ధం. పోద్దని తెలుసు.

ఆ పై అరల్లో డబ్బాల మీద దుమ్ము కనబడుతూనే ఉందండి నాకు. సోమవారం పొద్దున్న పదకొండింటికి మీ కొట్లో నిలబడ్డానికి చోటుండేది కాదు. ఇప్పుడు నేనొక్కణ్ణే ఉన్నాను.

సరే, అదలా ఉంచండి. పాలీ ఇచ్చేస్తే నా దారిన నేను పోతాను. ఎందుకంటారేంటండి? గట్టిదండి! ఉప్పుగాలికి పాడవదు, ఆయిలు పడ్డా ఉబ్బదు. మా తాటిపాక రోడ్డు మీరెరగనిదా? ట్యాంకర్లు తిరిగి తిరిగి అంతా గుంతలే. నైలానా? లేతు మిషను మీద తీయిస్తే రాయిలా ఉంటదండి, లారీకయితే సరిపోద్ది గానీ కారుకెందుకు? రబ్బరు మరీ మెత్తన, నైలాను మరీ గట్టి, పాలీ మధ్యరకం. ముప్పై ఏళ్ల నుంచి ఈ పనిలో ఉన్నాను, నాకు తెలీదాండి?

ఏంటీ? ఎలీసమ్మ గారి నడుమా? మీకెవరు చెప్పేరు?

ఆయ్. మాస్టారి భార్యే. కాకినాడలో ఆపరేషను చేసి వెన్నులో రాడ్లు వేసేరు. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి ఆ కార్లోనే అమలాపురం వస్తారు. వెనక సీట్లో నడుం కింద ఒక తలగడ, పక్కన ఒక తలగడ. మొన్న నేనే తలుపు తీసి పట్టుకున్నాను. మొహంలో నెత్తురు లేదండి. అయినా "మీ పెద్దమ్మాయి ఎలా ఉంది గణపతీ?" అని అడిగేరు. నర్సమ్మ గారు కదండీ, మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది ఆవిడే.

పాలీ వేస్తే కొంచెం కుదుపు ఎక్కువుంటది, నిజమే. కొంచెమేనండి.

మళ్లీ ఆ చూపే! కొంచెం కాదు, సరేనా? గుంతలో చక్రం పడ్డ ప్రతిసారీ దెబ్బ తిన్నగా సీట్లోకొచ్చేస్తది. రబ్బరయితే సగం తనే మింగుద్ది. ఇంక చాలా?

రెండో సెట్టా? దాని ఊసు ఇప్పుడెందుకండి? రాజమండ్రి వెళ్లి కంపెనీ కౌంటర్లో సీలు తీయని డబ్బా తెచ్చేను. వేశాను. అది బాగానే ఉంది... లేదండి. అదీ పోయింది. ఇదిగో, ఆ చిరిగిన ముక్కలు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకునే వచ్చేను. ఎందుకు తెచ్చేనో నాకే తెలీదు.

అవేంటండి, ఆ సొరుగులోంచి తీస్తున్నారు? అమ్మో! ఆ రోజు నేను మీ బల్ల మీదకి విసిరేసిన ముక్కలు! దాచేరా? మూణ్ణెల్ల నుంచీ?

పక్కపక్కన పెట్టకండి. పెట్టకండన్నానా... చూసేరా? చిరుగు ఒకటే చోట. ఒకటే వాటం. ఒకే చేత్తో చింపినట్టు లేవూ?

ఆ కుర్చీ ఇలా జరపండమ్మా. ఇంక నుంచోలేను.

మూర్తి గారు ఈ సంగతి మీకెప్పుడో చెప్పే ఉంటారు. రబ్బరు బుష్షుకి ఆఖరు బిగింపు కారు నాలుగు చక్రాల మీదా నేల మీద నిలబడ్డాకే బిగించాలి. జాకీ మీద చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ వాటానికే పట్టేసుకుంటది. కారు కిందకి దించగానే తడిబట్ట పిండినట్టు మెలిపడిపోద్ది. అలా మెలిపడి ఆ గుంతల్లో తిరిగితే ఏ కంపెనీ రబ్బరు ఆగుద్దండి? పని నేర్చుకోడానికొచ్చిన ప్రతివాడికీ ఈ ముక్క చెప్పింది నేనే.

నేనే గాల్లో బిగించేను. రెండుసార్లూ.

మా షెడ్డు కాలవ పక్కనే కదండీ. బండి కింద నుంచుని పని చేసుకోడానికి గొయ్యి తవ్వుదామంటే రెండడుగులకే నీళ్లూరతాయి. కారు చక్రాల మీదుండగా బోల్టు బిగించాలంటే వెల్లకిలా పడుకుని కిందకి జరగాల్సిందే. చేతికింద కుర్రాడూ లేడిప్పుడు. నాకు... రెండేళ్ల నుంచీ నడుం పని చెయ్యట్లేదండి. డిస్కు జారిందన్నారు. పడుకుంటే లేవలేను. ఒకరోజు లేవలేక అరగంట కారు కిందే ఉండిపోయేను. పైనున్నవాళ్లకి అనుమానం రాకుండా స్పానరుతో ఊరికే చప్పుడు చేస్తా పడున్నానండి. కళ్లమ్మట నీళ్లు కారిపోతన్నాయి. ఇంట్లో మా రమణమ్మకి కూడా చెప్పలేదు. గణపతి బండి కింద దూరలేడంటే ఇంకెవడొస్తాడండి నా దగ్గరకి?

పాలీ ఎందుకడిగేనో మీకీపాటికి అర్థమైపోయి ఉంటది. అది రబ్బరులా లోపలి ఇనప గొట్టానికి అతుక్కుని ఉండదు, గ్రీజు మీద తిరుగుద్ది. గాల్లో బిగించినా చిరగదు. నా సంగతి ఎప్పటికీ బయటపడదు. నా నడుం సంగతి దాచుకోడానికి ఆవిడ నడుం కుదేలు చేద్దామనుకున్నానండి. మా పిల్లనెత్తుకున్న మనిషి! ఛీ.

ఆ ఎర్ర డబ్బా లోపల పెట్టేయండి. రబ్బరే ఇవ్వండి. మీ రబ్బరే.

రావులపాలెంలో నాగసతీష్ షెడ్డులో లిఫ్టుంది. కారు చక్రాల మీద నిలబడే పైకి లేస్తది, కింద నుంచుని బిగించుకోవచ్చు. వాడు నా దగ్గర పని నేర్చినవాడే. నీ షెడ్డు ఉండగా ఇక్కడికెందుకొచ్చేవు బాబాయ్ అంటాడు. అంటే చెప్తాను. ఏం చేస్తాను మరి!

ఇంకా ఏంటండి? డబ్బా మీద చెయ్యి తియ్యరేం?

ఆయ్. గ్రూపు.

ఇంటికెళ్లి మెసేజీ పెడతానండి. సాయంత్రం... సరే సరే. ఇంటికెళ్తే పెట్టను. మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీ ఫోను వద్దండి, నా ఫోన్లోంచే వెళ్లాలి. ఆ ఫ్యాను కాస్త ఆపండి, వినబడదు.

"అందరికీ నమస్కారమండి. తాటిపాక గణపతిని. విజయదుర్గ గారి కొట్లో మాలు మంచిదే. బుష్‌లు చిరిగింది నా బిగింపు వల్ల. చక్రం గాల్లో ఉండగా బిగించేను. ఎందుకంటే... ఎందుకంటే నేను బండి కింద పడుకోలేనండి. రెండేళ్లయింది. అంతేనండి, ఉంటాను."

వెళ్లిపోయింది. అదిగో, అప్పుడే ఎవడో వింటున్నాడు.

ఇంక షెడ్డుకి వచ్చేవాళ్లొస్తారు, రానివాళ్లు మానేస్తారు. డబ్బా ఇటివ్వండి, మాస్టారు ఎదురుచూస్తుంటారు.

అమ్మా... కాస్త చెయ్యందిస్తారా? ఈ కుర్చీలోంచి లేవలేకపోతున్నాను.