పై వాటా పందిరి

ఏడు రోజులు ఆరుబయట పందిరి వేసుకుని అందులోనే భోంచేసే యూదుల సుక్కోత్ పండగ ఇంకో గంటలో మొదలవుతుంది. జెరూసలేంలో ఒక పాత మేడ. పై వాటా చిన్న తోడికోడలు, కింది వాటా పెద్ద తోడికోడలి గుమ్మంలోకి దిగివచ్చింది. పెద్దావిడే ముందు అంది:

"నీ కొత్త బాల్కనీ నా పందిరిని మొత్తం కప్పేసిందే. ఆకాశం కనబడని పందిరి చెల్లదని మతగురువు రబ్బీ చెప్పిపోయాడు."

"అయ్యో అక్కా! వేసవిలో కట్టించేటప్పుడే అనొచ్చుగా?"

"అన్నాను. రెండుసార్లు."

"ఏమో, గుర్తులేదు. అయినా బాధెందుకు? ఈసారి అందరూ బాల్కనీలో మా పందిట్లోనే తింటారు. నీ కొడుకులూ కోడళ్లూ కూడా వస్తామన్నారు."

"నాతో ఒక్కమాటైనా చెప్పలేదే!"

"నువ్వు నొచ్చుకుంటావని. పిల్లలకి నీ చేతి క్యాబేజీ చుట్టలే కావాలట, గిన్నెతో సహా ఇచ్చెయ్. పోయిన బావగారు చేసిన రంగుకాగితాల గొలుసులు కూడా ఇవ్వు. ఇక్కడ చీకట్లో ఎవరు చూస్తారు?"

"ముప్పై ఏళ్లు మీ అందరికీ నా పందిట్లో వడ్డించాను. సరే, పట్టుకుపో. మరి నన్నెక్కడ కూర్చోమంటావు?"

"ఆ మోకాళ్లతో మెట్లెక్కడం ఎందుకక్కా? ఆడవాళ్లు పందిట్లోనే తినాలని శాస్త్రం లేదుగా. కిందే హాయిగా తిను. మేం పాడేవన్నీ నీకు బాగా వినిపిస్తాయి."