బల్ల మీద బోణీ

రేపల్లె అవతల, సముద్రపొడ్డు పల్లె. బడి గదిలో చీర అడ్డం కట్టి, ఆడవాళ్ళకి గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్షలు చేస్తామని తెనాలి పెద్ద డాక్టరు మంగతాయారు, ఆవిడ శిష్యురాలు శ్రీవిద్య పొద్దుటే దిగారు. ఎండెక్కినా గదిలోకి వచ్చింది చేపలమ్మే రత్తాలు ఒక్కతే. అదీ ఊరికే చూసిపోదామని.

"అయితే ఎవరూ రారంటావు రత్తాలూ?"

"వస్తారండి. వరండాలోనే ఉన్నారుగా."

"ఉన్నారు. ఉండి నవ్వుకుంటున్నారు. వేట ఆపిన రోజులు, ఖాళీగా ఉంటాం, నేను చెబితే పేటంతా కదుల్తుందన్నది నువ్వేగా?"

"చెప్పానండి. బోణీ కాలేదంటున్నారు."

"బోణీ ఏంటి రత్తాలమ్మా? మేం పైసా తీసుకోం."

"తీసుకోకపోయినా బోణీ బోణీయే చిన్న డాక్టరమ్మా. మేం గంపలు దించాక మంచి చెయ్యి ఒకటి పడాలి. అది పడేదాకా పక్క గంప మూత కూడా తియ్యరు మావాళ్ళు."

"మేడం, మా బాపట్లలో పెట్టుకున్నా బాగుండేది. ఉగాది నుంచి రోజూ నాకు ఈ ఒక్క పరీక్షే నేర్పారు. కలలో కూడా లైటు పట్టుకుని నిలబడుతున్నా. తీరా ఇక్కడికొస్తే..."

"తొందరపడకు. రత్తాలూ, ఎక్కు బల్ల. పేటకి పెద్దదిక్కువి నువ్వే."

"నేనా! నేను చేపలకి పెద్దనండి. ఈ కొట్టు మీది."

"సిగ్గా?"

"సిగ్గేనండి. దాచుకోవడమెందుకు? మా పేటలోనే నాగమల్లేశ్వరి ఈ జబ్బొచ్చి, ఈ సిగ్గుతోనే పోయింది. రక్తంతో బట్టలు తడుస్తున్నా ఎవరికీ చెప్పలా. చెప్పేసరికి పెద్దాసుపత్రి వాళ్ళు చేతులెత్తేశారు."

"మరి అది చూసి కూడా..."

"చూశాం కాబట్టే భయం. అది సరేగానీ, పెద్ద డాక్టరమ్మగారూ, మీరు చేయించుకున్నారా ఇది?"

"నేనా?"

"మీరేనండి. మీరూ ఆడమనిషేగా."

"నేను రోజూ చేసేదాన్ని రత్తాలూ!"

"నేనూ రోజూ చేపలమ్ముతాను. అట్టాగని ఇంట్లో కూర వండుకోనా?"

"అవును మేడం, మీరెప్పుడు చేయించుకున్నారు?"

"నువ్వూ మొదలెట్టావా? మొన్న..."

"ఏ మొన్న?"

"తీరికుండద్దూ! పొద్దున లేస్తే ఆపరేషన్లు, సాయంత్రం ఓపీ..."

"చూశారా! మాకైతే సిగ్గు, మీకైతే తీరిక లేకపోవడం. అంతేగా?"

"నవ్వకు శ్రీవిద్యా."

"నవ్వట్లేదు మేడం. అంటే, కొంచెమే."

"తెనాలిలో నేను పేషంటునై ఎవరి గుమ్మం ఎక్కినా, సాయంత్రానికి కూరగాయల మార్కెట్టు దాకా పాకుతుంది, తెలుసా?"

"మా పేటలో సాయంత్రం దాకా కూడా అక్కర్లేదండి. మీ హస్తవాసి మంచిదని ఇక్కడిదాకా పేరు. బోణీ మీరు చెయ్యండి, మీ వెనకే మేం."

"అబ్బ, వదలవు కదా! శ్రీవిద్యా, ఈ కళ్ళజోడు అటు పెట్టు. రత్తాలూ, నువ్వు బయట నిలబడి చీర గట్టిగా లాగి పట్టుకో. సందులోంచి ఒక్క కన్ను కనబడినా ఊరుకోను."

"ఒసేయ్, వినపడిందా? పెద్ద డాక్టరమ్మగారే బల్లెక్కుతున్నారు!"

"దండోరా అక్కర్లేదు!"

"మేడం, ఒళ్ళు బిగించకండి. మెల్లిగా ఊపిరి పీల్చండి."

"నా మాటలు నాకే అప్పజెబుతున్నావూ."

"మీరు నేర్పినవేగా. మందు రాస్తున్నా, కాస్త చల్లగా తగుల్తుంది. తేడా ఉన్నచోట తెల్లబడుతుంది, చూడాలి. ఆగండి... ఇప్పుడు..."

"ఊఁ?"

"మేడం..."

"ఏంటండీ, బోణీ అయిందా లేదా?"

"ఉండు రత్తాలూ! ఏంటి శ్రీవిద్యా, చెప్పు."

"తెల్లమచ్చ. రక్తం కూడా ఉంది. మేడం, ఇది మీకు కనబడకుండా ఉంటుందా... మీకు ముందే తెలుసా?"

"గొంతు వణక్కూడదని ఎన్నిసార్లు చెప్పాను? పేషంటు భయపడిపోదూ!"

"ఎన్నాళ్ళ నుంచి?"

"చిన్నదేనా?"

"చిన్నదే. అంచులు బాగానే తెలుస్తున్నాయి. ఎన్నాళ్ళ నుంచి మేడం?"

"చిన్నదైతే ఆ ఏడుపెందుకు? కళ్ళు తుడుచుకో. రత్తాలూ, బోణీ అయింది! తర్వాతి మనిషిని పంపు."

"పంపడమేంటండి, నేనే వస్తున్నా!"

"నేనడిగింది చెప్పండి మేడం."

"రేపు గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు. పక్కన నువ్వే ఉండాలి."

"వస్తాను. ఎన్నాళ్ళ నుంచి?"

"ఉగాది ముందు నుంచి. మరి రోజూ నీకు ఈ ఒక్క పరీక్షే ఎందుకు నేర్పాననుకున్నావే పిచ్చిపిల్లా?"